మంచు చాటున గేటు

పోయిన వారం హరిప్రియని మనం ఘాజియాబాద్‌లో, సాహిబాబాద్ ఫ్యాక్టరీల నడుమ ఉన్న ఒక ప్రింటింగ్ షెడ్డులో, పెద్ద మెషిను ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఈ వారమంతా ఆ పిల్ల అక్కడే ఊపిరి బిగబట్టుకుని నిలబడి ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు మాటలు చెప్పేసి ఆమె దగ్గరికి వెళ్దాం.

హరిప్రియ సుబేదార్ మేజర్ రామమోహనరావు కూతురు. ఆయనది టెక్కలి దగ్గరి పల్లె. పోస్టింగు పడిన ఊరల్లా తిరిగి తిరిగి ఇప్పుడు ఢిల్లీ కంటోన్మెంట్ క్వార్టర్స్‌లో ఉంటున్నారు. అమ్మాయి జనక్‌పురిలోని ఒక స్టూడియో తరఫున పెళ్ళిళ్ళలో ఫొటోలు తీస్తుంది. పెళ్ళిళ్ళు లేని చలికాలపు పొద్దుల్లో కెమెరా మెడలో వేసుకుని పొగమంచులో పడి తిరుగుతుంది. ఆ మంచు ఫొటోలే మనీష కంటబడ్డాయి. మనీషకి లాడో సరాయ్‌లో ఫొటో గ్యాలరీ ఉంది. ప్రతి చలికాలం ఎవరో ఒక కొత్త ఫొటోగ్రాఫరుకి హాలు మొత్తం రాసిచ్చేస్తుంది. ఆ హాల్లో వెలిగినవాళ్ళు మళ్ళీ పెళ్ళి మంటపాల వెనక లైటు స్టాండ్లు మోయలేదు. ఈ ఏడాది ఆ హాలు హరిప్రియది. నడిమి గోడకి వేలాడాల్సిన నిలువెత్తు ఫొటో ఇప్పుడు మెషిన్లోంచి బయటికి వస్తోంది.

అంత పెద్ద ఫొటో ఒక్కసారిగా బయటపడదు. మెషిను తల అటూ ఇటూ పరుగులు పెడుతూ రంగు చల్లుతుంటే కాగితం అంగుళం అంగుళంగా కిందికి జారుతుంది. ముందు ఆకాశం వచ్చింది. ఆకాశమంటే ఏముంది, ఉత్త తెలుపు. దాని కింద ఇంకాస్త తెలుపు, అందులోనే బూడిద రంగు, ఆ బూడిదలో ఉందా లేదా అన్నట్టుగా నీలం. షెడ్డు బయట కూడా జనవరి మంచు కమ్ముకుని ఉంది. తలుపు తీసినప్పుడల్లా కొంచెం లోపలికి వచ్చి, ట్యూబులైట్ల చుట్టూ తచ్చాడి పోతోంది. బయటి మంచు ఎక్కడ ఆగిందో, కాగితం మీది మంచు ఎక్కడ మొదలైందో హరిప్రియకి తెలియకుండా పోయింది. తనెక్కడుందో మరిచిపోయి చూస్తూ ఉండిపోయింది.

అంతలో ఆ తెలుపులో నిలువుగా సన్నటి గీత ఒకటి తేలింది.

"దీదీ, మెషిన్‌లో ఏదో తేడా ఉన్నట్టుంది. లైన్ పడుతోంది చూడండి," అంది కంగారుగా.

మనీష కదలలేదు. నలభై దాటిన మనిషి, జనక్‌పురిలో పుట్టి పెరిగిన తెలుగావిడ. తెలుగు మాట్లాడేదే తక్కువ, మాట్లాడితే అందులో సగం హిందీ. "తేడా ఏం లేదు. బస్, అంతే, చూస్తూ ఉండు," అంది నవ్వుతూ.

కాగితం ఇంకొంచెం జారింది. మంచులోంచి ఒక పాపిట వచ్చింది. పాపిట కింద నుదురు, బొట్టు, చలికి కాస్త ముడుచుకున్న కళ్ళు. ఎవరో పిలిస్తే చటుక్కున వెనక్కి తిరిగిన ముఖం.

మూలన ప్లాస్టిక్ కుర్చీలో టీ తాగుతున్న రామమోహనరావు లేచి వచ్చాడు. ఆదివారం సెలవు కదా అని, అంత పెద్ద ఫొటో ఆటోలో ఎలా తెస్తావని, తన పాత మారుతి కారు తీసుకుని ఆయనే కూతుర్ని తీసుకొచ్చాడు. ఆదివారమైనా బూట్లు తళతళలాడుతున్నాయి, మఫ్లరు మడత చెక్కుచెదరలేదు. కూతురు తీసిన ఫొటోలు ఫోనులో తప్ప ఇంకెక్కడా చూసి ఎరగడు.

"ఓలమ్మో! మీ అమ్మే!" అన్నాడు.

"అవును డాడీ. అమ్మే."

"ఇంత బాగుంటదేటి మీ అమ్మ?" అన్నాడాయన, నిజంగానే ఆశ్చర్యపోయి. మనీష పకపకా నవ్వింది. రామమోహనరావు సిగ్గుపడి మఫ్లరు సర్దుకున్నాడు. కానీ చూపు మాత్రం కాగితం మీంచి తిప్పుకోలేకపోయాడు. మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హరిప్రియ చూసింది. చూసి, ఈ ఒక్క క్షణం కోసమే తను ఇన్నాళ్ళు ఫొటోలు తీసిందేమో అనుకుంది. ఇంతకన్నా ఏం కావాలి అనుకుంది.

ఆ ఆనందం ఎంతోసేపు నిలవలేదు. కాగితం జారుతున్న కొద్దీ అమ్మ లక్ష్మీకుమారి భుజం మీది మెరూన్ శాలువా వచ్చింది, చేతిలో పాల ప్యాకెట్ల సంచి వచ్చింది. ఆ వెనకాలే, మంచు లోపల, ఒక గోడ వచ్చింది. గోడ మీద యూనిట్ నంబరు అంకెలు. గోడ పక్కన గేటు, గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న సంత్రీ. ఇందాకటి సన్నటి గీత ఎక్కడిదో అప్పుడు తెలిసింది. అది గేటు లోపలున్న సిగ్నల్ టవరు.

రామమోహనరావు మొహంలో నవ్వు ఆగిపోయింది. చేతిలోని టీ కప్పు మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"ఇది ఎక్కడ తీశావమ్మా?" అన్నాడు. ఆయనకి తెలియక కాదు. రోజూ ఆ గేటులోంచే డ్యూటీకి వెళ్తాడు.

 కంటోన్మెంట్లలో పెరిగిన పిల్లకి గేటు దగ్గర కెమెరా తీయకూడదని ఒకరు చెప్పాలా? నడక వచ్చిన నాటి నుంచీ తెలుసు. గేటు కనిపిస్తే చాలు, లెన్సుకి మూత పెట్టడం ఆమె చేతులకి అలవాటు. ఆ రోజు మాత్రం మంచు మరీ దట్టంగా పడింది. అమ్మ పాలకి వెళ్తుంటే వెనకాలే బయల్దేరింది. రెండడుగుల అవతల ఏమీ కనబడటం లేదు. "అమ్మా" అని పిలిచింది, లక్ష్మీకుమారి వెనక్కి తిరిగింది, అంతే. బయటివాళ్ళయితే ఆ చోటికి రాగానే భయంతో కెమెరా దాచుకునేవాళ్ళు. హరిప్రియకి అది గేటులా తోచలేదు. అమ్మ పాలు తెచ్చే దారి అది, ఇల్లు. ఇంటి ముందు అమ్మని ఫొటో తీస్తే తప్పేముంది?

"నా కంటికి ఏమీ కనబడలేదు డాడీ. మంచు తప్ప ఏమీ లేదు. ప్రామిస్."

"కెమెరాకి కనబడింది," అంది మనీష ఉత్సాహంగా. పాపం, ఆమెకి వీళ్ళ గొడవ ఇంకా తలకెక్కలేదు. "నీ ఫైల్ మరీ పాలిపోయినట్టు ఉందని నిన్న నేనే మంచుని కాస్త తగ్గించా. తగ్గించేసరికి చూడు, లోపల ఎంత దాక్కుని ఉందో! ముందు ఇది శాలువా కప్పుకున్న ఆంటీ ఫొటో, అంతే. ఇప్పుడు? ఇటు పాల సంచి, అటు తుపాకీ. మధ్యలో మంచు. అరే యార్, ఇది ఒక్కటి చాలు, మిగతా ఫొటోలు లేకపోయినా పర్వాలేదు."

ఆ మాట నిజమని హరిప్రియకి తెలుసు. అదే ఆమె ప్రాణం తీస్తోంది. ఫొటో బాగా లేకపోతే చింపి పారేసేది. ఇది తను తీసిన వాటన్నిటిలోకీ మంచి ఫొటో, ఇలాంటిది మళ్ళీ తీయగలనో లేదో కూడా తెలియదు.

తండ్రి తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. మంచు ఆయన్ని నాలుగడుగుల్లో మింగేసింది.

"ఏమైంది అంకుల్‌కి?" అంది మనీష.

హరిప్రియ చెప్పింది. మనీష విని, కాసేపు పెదవి కొరుక్కుంది.

"అచ్ఛా... చూడు ప్రియా. వచ్చే వారం ఓపెనింగ్. ఈ ఫొటో ఉంటేనే షో. నడిమి గోడ ఖాళీగా పెట్టి నేను ఎవర్నీ పిలవలేను. నువ్వు వద్దంటే నీ తర్వాత వరసలో ఉన్న చైతు ఫొటోలు ఫ్రేములతో సహా రెడీగా ఉన్నాయి, అతనికి ఇచ్చేస్తా. కోపంతో అనట్లేదు. నాదీ ఇదే బతుకు. రేపటికల్లా చెప్పు."

"మంచుని మళ్ళీ తెల్లగా చేసేస్తే?"

"చెయ్యి. అప్పుడు ఇది నడిమి గోడ మీదికి రాదు. ఆ మాట నీకూ తెలుసు."

హరిప్రియ బయటికి పరుగెత్తింది. రామమోహనరావు కారుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఫ్యాక్టరీ గోడ ఉండాలి, కనబడటం లేదు. ఎక్కడో లారీ హారను మోగుతోంది. ఎటు నుంచో తెలియడం లేదు.

"తీసేస్తాను డాడీ. డిలీట్ చేసేస్తా. ఇప్పుడే," అంది.

ఆయన తల తిప్పలేదు. దాంతో ఆమెకి కోపం ముంచుకొచ్చింది. ఏడుపూ ముంచుకొచ్చింది.

"ఎప్పుడూ మీకు రూల్సే! నా ఫొటో ఎలా ఉందో ఒక్క మాటైనా అన్నారా? రెండేళ్ళుగా ఎవరెవరి పెళ్ళిళ్ళలోనో స్టాండ్లు మోశాను. ఒక్కసారి, ఒక్కసారి నాకంటూ ఒక గోడ దొరికితే..."

"ఎలా ఉందో సెప్పలేకే బయటికొచ్చీశాను తల్లీ," అన్నాడు రామమోహనరావు.  "మీ అమ్మని పెళ్ళాడి ఇన్నేళ్ళయింది. ఆ మొహం నేనెప్పుడూ సూడలేదు. నువ్వు సూశావు. ఇంకేటి సెప్పమంటావు?"

ఈ మాట వినడానికి ఆమె సిద్ధంగా లేదు. కారు అద్దం మీద పేరుకున్న మంచుతడిని వేలితో తుడుస్తూ నిలబడిపోయింది.

ఆయనే మళ్ళీ అందుకున్నాడు. "నీకో మాట సెప్పలేదు. ఛబ్బీస్ జనవరికి, అదే రిపబ్లిక్ డేకి, ఆనరరీ లెఫ్టినెంట్ లిస్టు వస్తది. మా యూనిట్ కర్నల్, సీఓ సాబ్, నా పేరు పంపారు. వచ్చాక సెబుదాంలే అని నేనూ మీ అమ్మా ఊరుకున్నాం. భుజం మీద రెండు స్టార్లు. సిపాయిగా సేరినోడికి అంతకంటే ఏటుంటది?"

 తండ్రి ఎన్నేళ్ళుగా ఆ నక్షత్రాల కోసం ఎదురుచూస్తున్నాడో హరిప్రియకి తెలుసు. అవి ఇంత దగ్గరికి వచ్చాయని మాత్రం ఇప్పుడే వింటోంది.

"మరి... డిలీట్ చేసేస్తా డాడీ. ఎవరికీ తెలియదు."

"నాకు తెలుసు కదేటి."

"మీరు కూడా మర్చిపోండి."

రామమోహనరావు ఈసారి కూతురి వైపు తిరిగాడు. ఆ మొహంలో కోపం లేదు. "మా ఆర్మీలో పొరపాటు జరిగితే దాసిపెట్టం. మనంతట మనం వెళ్ళి సెబితే అది పొరపాటు. ఆళ్ళంతట ఆళ్ళు పట్టుకుంటే నేరం. యుద్ధం దగ్గర్నుంచి బూటు పాలిష్ దాకా ఇదే లెక్క. పద, సీఓ సాబ్ దగ్గరికి వెళ్దాం. ఇవాళే."

"వెళ్ళి? నా కూతురు తప్పు చేసిందని చెప్తారా?"

"నేనెందుకు సెబుతాను? ఫొటో తీసింది నేనా? నువ్వే అడుగు. సర్, ఈ ఫొటో తీశాను, పెట్టుకోవచ్చా అని అడుగు. ఆయన ఊ అంటే గోడకెక్కించు. కాదంటే ఆయన ముందే సెరిపెయ్. ఫొటోగ్రాఫర్నంటన్నావు. అడగడం కూడా ఆ పనిలోదే కదేటి?"

"ఆయన కాదంటే? మీ స్టార్లు పోతే?"

"పోతే పోతాయి," అన్నాడు గానీ, ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెయ్యి తెలియకుండానే భుజం మీదికి వెళ్ళి వచ్చింది. హరిప్రియ అటు చూడనట్టు నటించింది.

ఫొటో చుట్టి, గొట్టంలో పెట్టి, వెనక సీట్లో పడుకోబెట్టారు. అచ్చయిన కాగితాన్ని ఎవరైనా ఇలా పసిపిల్లలా తీసుకెళ్తారా అని మనీష నవ్వబోయి, వాళ్ళ మొహాలు చూసి ఊరుకుంది.

దారంతా మంచే. ఆనంద్ విహార్ దాటినా, యమున దాటినా, కింద నది ఉందన్న గుర్తే లేదు. ముందు పోయే బండ్ల ఎర్రదీపాలు తేలుతూ కనబడి, తేలుతూనే మాయమవుతున్నాయి. రామమోహనరావు స్టీరింగు మీదికి వంగి, ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ లేని ఆ తెలుపులోకి నెమ్మదిగా కారు నడుపుతున్నాడు. హరిప్రియకి తాము కదులుతున్నామో, ఢిల్లీయే తమ పక్కనుంచి మెల్లగా జారిపోతోందో తెలియలేదు. చిన్నప్పుడు ఇలాగే రైళ్ళలో, ఒక పోస్టింగు నుంచి ఇంకో పోస్టింగుకి, ట్రంకు పెట్టెల మధ్య నాన్న ఒళ్ళో పడుకుని వెళ్ళేది. ఎక్కడికి వెళ్తున్నామో తెలిసేది కాదు. నాన్న ఉన్నాడు కాబట్టి భయమూ వేసేది కాదు. ఇవాళ మాత్రం నాన్నకే భయం వేస్తోందని ఆమెకి అర్థమవుతోంది.

"డాడీ."

"ఊఁ."

"సర్ ఒప్పుకుంటే... లెఫ్టినెంట్ డ్రెస్‌లో ఫస్ట్ ఫొటో నేనే తీస్తా."

"గేటు కనపడకుండా తియ్," అన్నాడాయన. ఇద్దరూ నవ్వేశారు. నవ్వాక కాస్త ఊపిరాడింది. ధౌలా కువాన్ వంతెన కింద నుంచి కంటోన్మెంట్ వైపు మళ్ళారు. హరిప్రియ అలవాటు కొద్దీ ఒళ్ళోని కెమెరాకి మూత పెట్టింది.

సీఓ సాబ్ బంగళా ముందు గులాబీ మొక్కలు మంచులో తల వంచుకుని ఉన్నాయి. రామమోహనరావు వరండా మెట్ల దగ్గర ఆగి, మఫ్లరు తీసి జేబులో పెట్టుకున్నాడు, జుట్టు సర్దుకున్నాడు. హరిప్రియ గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుంది. చెప్పాల్సిన మాటలు దారంతా వల్లెవేసింది. సర్, నా పేరు హరిప్రియ. సర్, ఒక ఫొటో తీశాను. సర్, ఎవరూ చూడకముందే మీకు చూపిద్దామని వచ్చాను. ఈ చివరి మాట మీదే ఆమెకి నమ్మకం.

బెల్లు కొట్టకముందే తలుపు తెరుచుకుంది.

కర్నల్ సాబ్ స్వెటరులో, చేతిలో ఫోనుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రామమోహనరావు నిటారుగా నిలబడి, "జై హింద్ సర్," అన్నాడు.

"జై హింద్ సాబ్. మీకే కబురు పెడదామనుకుంటున్నా," అన్నాడు కర్నల్ హిందీలో. సుబేదార్లని ఆఫీసర్లూ సాబ్ అనే పిలుస్తారు. ఆయన గొంతులో ఎప్పుడూ ఉండే చనువు లేదు. ఫోను వాళ్ళ వైపు తిప్పాడు. "ముందు ఇదేమిటో చెప్పండి."

ఫోనులో గ్యాలరీ వారి ఆహ్వానం ఉంది. పైన పెద్ద అక్షరాల్లో హరిప్రియ పేరు. కింద మెరూన్ శాలువా, పాల సంచి. ఆ వెనక మంచులో గోడ, అంకెలు, టవరు.

హరిప్రియ దాన్ని గుర్తుపట్టింది. పొద్దున ఇంట్లోంచి బయల్దేరుతుంటే, ఎలా ఉందో చూడమని మనీష తనకి పంపిన ఆహ్వానం అది. ఆ చిన్న తెర మీద తన పేరు తప్ప ఇంకేమీ చూడకుండానే, ఆనందం పట్టలేక అమ్మకి పంపేసింది. అమ్మ ఒక్కదానికే కదా అనుకుంది.

"యూనిట్ ఆడవాళ్ళ గ్రూపంతా తిరుగుతోంది," అన్నాడు కర్నల్. "మా ఆవిడకి వచ్చింది. పై ఆఫీసర్ల ఇళ్ళకీ వెళ్ళిపోయింది. పొద్దుటి నుంచి ఒకటే అభినందనలు."

ఫొటో కింద ఒక చిన్న సందేశం ఉంది, చుట్టూ పువ్వుల బొమ్మలు పెట్టి. మా అమ్మాయి తీసింది. ఇందులో ఉన్నది నేనే. ఇట్లు లక్ష్మీకుమారి.

రామమోహనరావు ఆ రెండు వాక్యాలూ చదివాడు. పెళ్ళాం మీద కోప్పడాలో, ఆ పువ్వులు చూసి కళ్ళు తుడుచుకోవాలో తెలియని మనిషిలా నిలబడిపోయాడు.

"సాబ్, ఒక్కటే అడుగుతాను," అన్నాడు కర్నల్. "మీరు ఇది చెప్పడానికే వచ్చారా? లేక ఇది అందరికీ చేరిపోయిందని తెలిసి వచ్చారా?"

ఇన్నేళ్ళలో రామమోహనరావు మాటని ఎవరూ ఇలా తూకం వేయలేదు.   నిజం చెప్పినా అది ఇప్పుడు సాకులాగే వినిపిస్తుంది.

హరిప్రియ తండ్రిని దాటి ఒక అడుగు ముందుకు వేసింది. వల్లెవేసిన మాటల్లో ఒక్కటీ గుర్తు లేదు.

"సర్, డాడీ చెప్పడానికి రాలేదు. నన్ను తీసుకొచ్చారు, అంతే. ఫొటో తీసింది నేను. దాన్ని బయటికి పంపింది కూడా నేనే. అడగాల్సిందీ నేనే. ఏమడిగినా నన్ను అడగండి."

కర్నల్ ఆమె వైపు, ఆమె గుండెలకి హత్తుకున్న గొట్టం వైపు చాలాసేపు చూశాడు. తర్వాత పక్కకి జరిగి గుమ్మం వదిలాడు.

"అయితే నువ్వొక్కదానివే లోపలికి రా," అన్నాడు. "సాబ్, మీరు ఇక్కడే ఉండండి."

ఆమె లోపలికి అడుగు పెట్టింది. వెనకాల తలుపు మూసుకుంది. వరండాలో, ఆ మంచులో, రామమోహనరావు ఒక్కడే మిగిలాడు.